పేజీ నంబర్లు లేని పెళ్లి

నెమలిపట్నంలో పెళ్లి ఆల్బమ్ పెళ్లికి ఇరవై ఒక్క రోజుల ముందే వచ్చేస్తుంది, అందులో ఫొటో లేనివాళ్లు పెళ్లిరోజున ఎవరికీ కనబడరు. ఇందులో వింతేమీ లేదు. స్టూడియోవాళ్లు ఆల్బమ్ తయారుచేసి మున్సిపల్ ఆఫీసులో ఆల్బమ్ విభాగానికి మూడు ప్రతులు పంపుతారు, సూపరింటెండెంటు పేజీ పేజీకీ ముద్ర వేస్తాడు, పెళ్లి ఆ పేజీల ప్రకారం జరిగిపోతుంది. పన్నెండో పేజీలో పెళ్లికూతురు గోరింటాకు చేతుల మధ్యనుంచి తొంగిచూస్తే, మండపంలో పన్నెండో పేజీ వచ్చేసరికి తొంగిచూడాల్సిందే. ముప్పై ఎనిమిదో పేజీలో అప్పగింతల ఏడుపు. ఎడమకంట్లోంచి ఒక బొట్టు రావాలి, రెండోది వస్తే సంజాయిషీ రాసివ్వాలి. ఆల్బమ్‌లో పెళ్లికూతురు రెండు ఛాయలు తెల్లగా ఉంటే ఆ రోజుకి రెండు ఛాయలూ తెల్లబడుతుంది. మర్నాడు తలంటుకి ఆ తెలుపు పోతుంది.

కనబడకపోవడమంటే రాకపోవడం కాదు. వాళ్లూ వస్తారు, కూర్చుంటారు, భోంచేస్తారు. చివర్న ఒక బంతి వాళ్లకోసమే వేస్తారు. విస్తట్లో అన్నం తరిగిపోతుంటే చూసుకుని వంటవాళ్లు పెరుగు వడ్డిస్తారు. పెళ్లిలో ఖాళీ కుర్చీ కనిపిస్తే చేత్తో ఒకసారి తడిమి మరీ కూర్చోవడం ఆ ఊరి మర్యాద. మర్నాడు పొద్దున్నే కనబడనివాళ్లందరూ మళ్లీ కనబడతారు. కూరలు బేరమాడతారు, బస్సు ఎక్కుతారు, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఎవరు కనబడకూడదో రాసిపెట్టిన కాగితమంటూ ఏదీ లేదు. స్టూడియోవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు, వాడికి తెలుసు. మొగుడు పోయినవాళ్లు, మొగుణ్ణి వదిలేసి వచ్చినవాళ్లు, గట్టు తగాదాల్లో మాటలు మానేసిన అన్నదమ్ములు, పెట్టుడుకాలు మీద నడిచే పెదనాన్నలు. ఇంతకంటే పద్ధతిగల ఊరు జిల్లాలో ఇంకోటి లేదని నెమలిపట్నం వాళ్లే చెప్పుకుంటారు.

వరాలమ్మ పదహారేళ్లుగా ఏ పెళ్లిలోనూ కనబడలేదు. ఆవిడ మెయిన్‌రోడ్డులో జాకెట్లు కుడుతుంది. ఆ ఊరి పెళ్లికూతుళ్లలో సగంమంది ఆవిడ కుట్టిన జాకెట్లతోనే ఆల్బమ్‌కి ఎక్కుతారు. పదహారేళ్ల కిందట మొగుడు లారీ ప్రమాదంలో పోయాక, జాకెట్టు కనబడేది, ఆవిడ కనబడేది కాదు. ఆవిడకి అలవాటైపోయింది. ఎవరూ ఏమీ అడగరు, బంతిలో హడావుడి ఉండదు, సుఖంగానే ఉందనేది. అలవాటైన కష్టానికి సుఖం అని పేరు పెట్టడం మనవాళ్లకి వెన్నతో పెట్టిన విద్య.

ఇప్పుడు ఆవిడ కూతురు నీలవేణికి పెళ్లి కుదిరింది. నీలవేణి రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పెళ్లికొడుకు భానోజీ కరెంటు సబ్‌స్టేషన్లో ఆపరేటరు, నెమ్మదస్తుడు. కన్యాదానానికి మేనమామ గవర్రాజునీ ఆయన భార్యనీ కూర్చోబెట్టాలనుకున్నారు. శ్రీ మనోజ్ఞ స్టూడియో మన్మథరావు నమూనా ఆల్బమ్ పట్టుకుని ఇంటికొచ్చాడు. నలభై పేజీలు. నీలవేణి మొదటినుంచి చివరిదాకా తిప్పి చూసి, మళ్లీ మొదటికి వచ్చింది.

"మా అమ్మ ఏదండీ?"

మన్మథరావు ఇబ్బందిగా నవ్వాడు. "మీ అత్తయ్యగారు ఉన్నారు కదమ్మా. పదిహేడో పేజీ చూడండి, చక్కగా వచ్చారు."

"అమ్మ గురించి అడిగానండీ."

"ఒసేయ్ అమ్మాయ్," అన్నాడు గవర్రాజు, "ఊరందరికీ ఉన్న పద్ధతే కదే. మీ అమ్మకి లేని బాధ నీకెందుకు?"

వరాలమ్మ పక్కగదిలో జాకెట్టుకి హుక్కులు కుడుతోంది. అక్కణ్ణించే అంది: "నేను కనబడకపోతే ఏమైందే పిచ్చిమొహమా. నాకు నువ్వు కనబడతావుగా."

"నాకు నువ్వు కనబడవు కదమ్మా," అంది నీలవేణి. తాళిబొట్టు పడే సమయానికి తలెత్తితే వందలమంది మొహాలుండి అమ్మ ఉండాల్సిన చోట గాలి ఉంటుందన్న ఆలోచన ఆమెకి భయంకరంగా తోచింది. ఆ రోజుకి ఆమె అడిగేది ఒక్కటే: తలెత్తితే అమ్మ కనబడాలి.

ఎస్తేరు రాణి సంగతి నీలవేణికి అప్పుడే గుర్తొచ్చింది. ఆవిడ రేవులో చేపల వేలాన్నీ, వరదల్లో బడి వరండాలమీద పడుకున్నవాళ్లనీ రీలు కెమెరాతో ఫొటోలు తీస్తుంది. రెండు నెలల కిందట ల్యాబుకి పరీక్షకొచ్చి, వరసలో కూర్చుని ఎవరికీ తెలియకుండా నాలుగు ఫొటోలు తీసుకుంది. పదిహేను రోజుల తర్వాత ఒక ప్రతి తెచ్చి ఇచ్చింది. అందులో నీలవేణి సూది పట్టుకుని, కింది పెదవి కొరుక్కుంటూ, ఒక ముసలాయన చేతిలో నరం వెతుకుతోంది.

"నా మొహం ఇలా ఉంటుందా?"

"ఆ టైముకి అలా ఉందండి," అంది ఎస్తేరు.

ఇప్పుడు పెళ్లికి తియ్యమని అడిగితే ఆవిడ తన పద్ధతి ముందే చెప్పేసింది. "నేను ఇటు చూడమననండి. నవ్వమనను. ఎవర్నీ జరగమనను. ఉన్నవాళ్లు ఉన్నట్టు పడతారు. రీలు కడిగేదాకా అందులో ఏముందో నాకూ తెలీదు. అది మీకు ఓర్పుంటేనే."

మన్మథరావుకి ఈ సంగతి తెలిసి చిన్నబుచ్చుకున్నాడు. "క్యాండిడ్ మేమూ చేస్తామండి," అన్నాడు. "ఇరవై నాలుగో పేజీ అదే. పెళ్లికూతురు మనల్ని చూడకుండా పకపకా నవ్వుతుంది. దానికి మూడు రిహార్సల్సు ఉంటాయి."

నీలవేణి, భానోజీ కలిసి మున్సిపల్ ఆఫీసుకి వెళ్లారు. ఆల్బమ్ విభాగం సూపరింటెండెంటు కామేశం గారు నెమ్మదైన మనిషి. నిబంధనల్లో ఉన్నదాన్ని లేదని చెప్పడం ఆయనకి చేతకాదు. పెళ్లి తర్వాత వచ్చే ఆల్బమ్‌కి దరఖాస్తులో గడి లేదని మొదట అన్నాడు. తర్వాత బీరువా తీసి, దుమ్ము దులిపి, పాత పుస్తకంలోంచి 14-బి నిబంధన చదివి వినిపించాడు. "రీలు కెమెరాతో జరుపబడు వివాహములందు, రీలు కడిగి ప్రతులు సమర్పించువరకు, మండపమందున్న వారెల్లరు ఉన్నట్లే ఎంచవలెను."

"అంటే అందరూ కనబడతారా అండీ?"

"కనబడాలండి. ఈ నిబంధన ఎవరూ రద్దు చెయ్యలేదు."

"మరి ఎవరూ వాడుకోలేదేం?"

"ఎవరూ అడగలేదండీ," అన్నాడు కామేశం గారు. ఆ తర్వాత ఇబ్బంది కూడా చెప్పాడు. పెళ్లి జరిగినట్టు ధ్రువపత్రం రావాలంటే మూడోముడి పడుతున్న ఫొటో ఒకటైనా ఉండాలి. రీలు చెడిపోయినా, ఆ ఫొటో పడకపోయినా, పెళ్లి జరగనట్టే.

భానోజీ కలం అందుకున్నాడు. "సబ్‌స్టేషన్లో కూడా అంతేనండీ. కరెంటు వచ్చిందో లేదో లైటు వెలిగేదాకా తెలీదు. కానివ్వండి," అని సంతకం పెట్టాడు.

గవర్రాజు ఇంట్లో పెద్ద రభస చేశాడు. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లే తెలివి తమ వంశంలో ఎవరికీ లేదన్నాడు. మేనకోడలి పెళ్లి జరిగిందో లేదో తెలియకుండా పదిహేను రోజులు ఊళ్లో ఏ మొహం పెట్టుకు తిరగాలన్నాడు. నీలవేణి శుభలేఖల చిత్తు తెచ్చి ఆయన ముందు పెట్టింది. అందులో అందరి పేర్లకంటే ముందు వరాలమ్మ పేరుంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు, పేరు అక్కడే ఉంది.

ముహూర్తం పొద్దున్న పది నలభై రెండుకి. మండపంలోకి అడుగుపెట్టినవాళ్లందరూ గుమ్మంలోనే తడబడ్డారు. ఏళ్ల తరబడి చూడని మనుషులు వరసలు వరసలుగా కూర్చుని ఉన్నారు. భానోజీ బాబాయి కూతురు, మొగుణ్ణి వదిలేసి వచ్చిన శకుంతల, మూడో వరసలో నిమ్మరసం తాగుతోంది. పెట్టుడుకాలు పెదనాన్న కాలు ముందుకి చాపుకుని కూర్చున్నాడు. మాటలు మానేసిన ఇద్దరన్నదమ్ములు ఒకర్నొకరు చూసుకుని, తొమ్మిదేళ్లనుంచీ ప్రతి పెళ్లిలోనూ పక్కపక్క కుర్చీల్లోనే కూర్చుంటున్నామని అప్పుడు కనిపెట్టారు. వంటాయన అందరికంటే ఎక్కువ సంతోషించాడు. వడ్డించేటప్పుడు ఎదురుగా మొహం ఉంటే పని సులువన్నాడు.

వరాలమ్మ నాలుగో వరసలో ఉంది. ఆవపువ్వు రంగు పట్టుచీర, ఆకుపచ్చ అంచు. ఆవిడ పెళ్లిళ్లకి పట్టుచీరలే కట్టుకొస్తుందని పదహారేళ్లలో ఎవరికీ తెలియదు. పక్కింటి వెంకాయమ్మ నోరు తెరుచుకుని చూసి, "అదేంటండి బాబూ, మీకింత మంచి చీరుందా?" అంది. "చాలా ఉన్నాయండి," అంది వరాలమ్మ.

మిగతావాళ్ల ఇబ్బంది వేరు. ఏ పేజీ నడుస్తోందో ఎవరికీ తెలియడం లేదు. గవర్రాజు భార్య అక్షింతల పళ్లెం పట్టుకుని ఏ నవ్వు నవ్వాలో తోచక మూతి బిగించుకుంది. ఒకాయన ఎస్తేరుకి ఎదురెళ్లి గడ్డం ఎత్తి నిలబడ్డాడు; ఆవిడ ఆయన్ని దాటి వెనక ఆవులిస్తున్న మేళగాణ్ణి తీసింది. ఆయన గడ్డం దించకుండా చాలాసేపు అలాగే ఉన్నాడు. పురోహితుడు రెండుసార్లు వంగి, "ఇప్పుడేం పేజీ నాయనా?" అని పెళ్లికొడుకుని అడిగాడు. పేజీల్లేవని భానోజీ చెప్తే, ఆయన కాసేపు కళ్లు మూసుకుని మంత్రాలు గుర్తు తెచ్చుకున్నాడు.

జీలకర్రా బెల్లం అయింది. మాంగల్యధారణకి అందరూ లేచి నిలబడ్డారు, మేళం జోరందుకుంది. భానోజీ తాళి పట్టుకుని నీలవేణి మెడచుట్టూ చేతులు పోనిచ్చాడు. రెండు ముళ్లు పడ్డాయి. మూడోముడి దగ్గర చేతులాగిపోయాయి.

నెమలిపట్నంలో నలభై ఏళ్లుగా మూడోముడి ఫొటోగ్రాఫరు చెప్తేనే పడుతుంది. అలాగే ఉండండి, కొంచెం ఇటు తిరగండి, అమ్మా తల దించండి, ఆఁ ఇప్పుడు వెయ్యండి. ఈ నాలుగు మాటలూ మంత్రంలో భాగమే అనుకునేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు, పురోహితుడు వాళ్లలో ఒకడు. అందరూ ఎస్తేరు వైపు చూశారు. ఎస్తేరు స్తంభానికి ఆనుకుని వాళ్లవైపు చూసింది. ఆవిడ ఏమీ అనలేదు. ఏమీ అననని ముందే చెప్పింది.

మేళగాళ్ల బుగ్గలు ఉబ్బి ఎర్రబడ్డాయి. పురోహితుడి చెయ్యి గాల్లో ఉంది. చల్లాల్సిన అక్షింతలు మూడొందల గుప్పిళ్లలో చెమటకి తడుస్తున్నాయి. పది నలభై మూడు, పది నలభై నాలుగు. భానోజీకి కట్టెయ్యాలనే ఉంది, కాని ఎవరో ఒకరు చెప్పాలి కదా అని అతని చేతులు అనుకుంటున్నాయి. కరెంటు ఆఫీసులో కూడా ఫోను వస్తేనే స్విచ్చి వేస్తారు. నీలవేణి తల దించుకునే ఉంది. ముహూర్తం దాటిపోతోందని తెలుసు, అయినా తనూ నోరు విప్పలేకపోయింది. చిన్నప్పట్నుంచీ అందరి పెళ్లిళ్లూ చూసిన పిల్లే కదా.

అప్పుడు నాలుగో వరసలోంచి కుర్చీలు జరిగిన చప్పుడైంది. వరాలమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, మనుషుల్ని మోచేత్తో తోసుకుంటూ వచ్చి మండపం ఎక్కింది. ఆ ఊళ్లో ఏ మొగుడుపోయిన ఆడదీ నలుగురూ చూస్తుండగా ఎక్కని మెట్లవి.

"కట్టండి బాబూ! అదేంటలా చూస్తారు? ఆవిడ చెప్పేదేముంది, నేను చెప్తన్నాను, కట్టండి!"

అని అల్లుడి భుజంమీద చెయ్యి వేసి ఒక్క కుదుపు కుదిపింది. మూడోముడి పడింది. నీలవేణి తలెత్తింది. ఎదురుగా అమ్మ ఉంది, జుట్టు చెదిరి, కోపంతో మొహమంతా ఎర్రబడి, పూర్తిగా కనబడుతూ ఉంది. నీలవేణికి ఏడుపొచ్చింది. రెండు కళ్లలోంచీ వచ్చింది, ఎన్ని బొట్లో ఎవరూ లెక్కపెట్టలేదు. స్తంభం దగ్గర కెమెరా ఒకసారి టిక్కుమంది.

పదిహేనో రోజున ఎస్తేరు ప్రతులు తెచ్చింది. ఐదు రీళ్లూ బాగానే వచ్చాయి. మూడోముడి ఒకే ఒక్క ఫొటోలో పడింది, మూడో రీలు ఇరవై రెండో నంబరు. భానోజీ వేళ్లు ముడిమీద ఉన్నాయి, నీలవేణి తల అప్పుడే పైకి లేస్తోంది, వాళ్లిద్దరికీ మధ్య వరాలమ్మ నోరంతా తెరిచి అరుస్తోంది. గవర్రాజు పక్కనే ఉన్నాడు గాని కళ్లు మూసుకున్నాడు.

నీలవేణి, భానోజీ, వరాలమ్మ, ఎస్తేరు కలిసి ఆఫీసుకి పట్టుకెళ్లారు. వాళ్లతోపాటు గవర్రాజు కూడా వచ్చాడు, ధ్రువపత్రం వస్తుందో రాదోనని. కామేశం గారు ఆ ఫొటోని భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశాడు. మూడోముడి రుజువైందన్నాడు. అయితే ప్రతులు సమర్పించిన క్షణంనుంచి వాటినే ఆల్బమ్‌గా ఎంచాలి, ఆల్బమ్‌కి మామూలు పద్ధతులన్నీ వర్తిస్తాయి, మాంగల్యధారణ పేజీలో ముత్తయిదువులు తప్ప వేరే ఆడవాళ్లు ఉన్న దాఖలా ఇంతవరకు లేదు. ఆయన సొరుగులోంచి కత్తెర తీసి బల్లమీద పెట్టాడు.

"ఈ భుజం పక్కనుంచి ఇలా తీసేస్తే సరిపోతుందండి. పెళ్లి పాసైపోతుంది."

"తీసేస్తే మా అమ్మ ఏమవుతుందండీ?"

"ఆ రోజున కనబడనట్టు అవుతారండి. చూసినవాళ్లు రెండు మూడు రోజుల్లో మర్చిపోతారు. మీరూనండి. నొప్పేమీ ఉండదు." ఆయన కత్తెర తిన్నగా సర్దుతూ అన్నాడు: "నా పెళ్లికి మా అమ్మ వచ్చిందండీ. వచ్చిందనే అనుకుంటున్నాను. విస్తరి ఖాళీ అయింది."

గవర్రాజు గొంతు సవరించుకున్నాడు. "అంత చిన్న ముక్కతో పోయేదానికి పంతాలెందుకమ్మడూ?"

"వద్దు మావయ్యా," అంది నీలవేణి.

"కత్తిరించెయ్యండి బాబూ," అంది వరాలమ్మ కామేశం గారితో. పదహారేళ్ల అలవాటు ఊరికే పోదు. "దానికి పెళ్లయితే చాలు. నాదేముంది? ఏదీ, ఎక్కడ కత్తిరిస్తారో చూడనివ్వండి."

ఆయన ఫొటో అందించాడు. అందాకా ఆవిడ దాన్ని చూడలేదు. తను బాగా పడలేదని అందరూ అంటుంటే సిగ్గుపడి చూడలేదు. ఇప్పుడు వెలుతురు కోసం కిటికీవైపు తిరిగి చూసింది. చెదిరిన జుట్టు చూసింది, తెరిచిన నోరు చూసింది, అల్లుడి భుజంమీద తన చెయ్యి చూసింది. తనవైపు మొహమెత్తి చూస్తున్న కూతుర్ని చూసింది. కూతురు పుట్టినప్పటినుంచీ ఆ పిల్ల మొహం తనకి తెలుసు. ఆ పిల్ల కళ్లకి తనెలా ఉంటుందో మాత్రం అప్పుడే తెలిసింది.

ఆవిడ ఫొటోని చేతిసంచిలో పెట్టుకుని జిప్పు లాగింది.

"ఇవ్వనండీ," అంది.

"అమ్మా, అది లేకపోతే పెళ్లి జరగలేదని రాయాలి."

"రాసుకోండి. ముప్పై ఏళ్లుగా కత్తెర పట్టుకుని బతుకుతన్నానండి. ఎక్కడ కత్తిరించకూడదో నాకు తెలుసు."

కామేశం గారు నీలవేణివైపు చూశాడు. ఆమె భానోజీవైపు చూసింది. భానోజీ తలూపాడు. సూపరింటెండెంటు దరఖాస్తుమీద ఎర్రసిరాతో 'జరగలేదు' అని రాసి, తేదీ వేసి, తడి ఆరడానికి ఊదాడు. ఊదేముందు ఆ ఫొటో ఇంకొక్కసారి చూపిస్తారా అని అడిగాడు. చూపించారు.

జరగని పెళ్లి చేసుకుని నీలవేణి, భానోజీ కాపురం పెట్టారు. కరెంటు ఆఫీసు అతని పెళ్లిసెలవు మూడురోజుల్నీ జ్వరం కింద మార్చింది. రేషనుకార్డులో నీలవేణి ఇంకా వరాలమ్మ కూతురిగానే ఉంది, ఆ పదాలు ఆమెకి తప్పుగా ఏమీ అనిపించలేదు. ఇంటి ఓనరు పెళ్లయిందా అని అడిగితే జరగలేదండీ, ముహూర్తం పది నలభై రెండు అని చెప్పారు. ఆయన రెండోసారి అడగలేదు. గవర్రాజు ఆరునెలలు మాట్లాడలేదు. ఏడో నెలలో వచ్చి, ఆ ఫొటోలో తన కళ్లు మూతబడ్డాయి గాని తను నిజానికి చూస్తూనే ఉన్నానని చెప్పి, కాఫీ తాగి వెళ్లాడు.

వరాలమ్మ ఆ ఫొటోని కుట్టుమిషను పైన గోడకి తగిలించింది. జాకెట్టు కొలతలకి వచ్చినవాళ్లు చేతులు ఎత్తి నిలబడి దాన్నే చూసేవారు. కొందరు వెళ్లేటప్పుడు ఎస్తేరు ఇల్లెక్కడని అడిగేవారు. శకుంతల చెల్లెలు అడిగింది. పెట్టుడుకాలు పెదనాన్న మనవరాలు అడిగింది. ఆల్బమ్ విభాగంవాళ్లు 14-బి రద్దుకి ప్రతిపాదన పంపారు. ఆ ఫైలు కామేశం గారి బల్లమీదికి వచ్చింది, ఇంకా అక్కడే ఉంది. ఎర్రసిరా సీసా అయిపోతుంటే ఆయన ఇంకోటి తెప్పించుకుని, జరగని పెళ్లిళ్లకి విడిగా ఒక రిజిస్టరు తెరిచాడు.

ఆ ఏడాది నెమలిపట్నంలో జరగని పెళ్లిళ్లు పదకొండు. అన్నిటికీ ఊరంతా వెళ్లింది, అందరూ భోంచేశారు, ఖాళీ కుర్చీని ఎవరూ తడమలేదు. జరిగినవి నాలుగువందల ఆరు. వాటిలో మొగుడుపోయిన తల్లులెవరూ కనబడలేదు, ఫొటోలన్నీ చాలా బాగా వచ్చాయి, చూసినవాళ్లకి ఏ లోటూ తెలియలేదు.